హైబర్నేట్ తర్వాత డివైస్ లేవకపోతే: తప్పు ఏ అంచెలో ఉందో పట్టుకుని సరిచేయడం

శుక్రవారం సాయంత్రం బెంగళూరు మారతహళ్లి ఆఫీసులో ల్యాప్‌టాప్‌ను హైబర్నేట్ చేసి సంచిలో పెట్టారు. రాత్రికి కర్నూలు బస్సు. తెల్లారి ఇంట్లో తీస్తే మూడింట్లో ఒకటి జరిగి ఉంటుంది. సంచి వెచ్చగా ఉంది, బ్యాటరీ సున్నా. లేదా తెర వచ్చింది గానీ వైఫై లేదు, టచ్‌ప్యాడ్ ఉలకదు పలకదు. లేదా అంతా బాగానే లేచి, పది నిమిషాలకు సంబంధం లేని చోట బిగుసుకుపోయింది. మూడింటికీ అందరూ చెప్పే మందు ఒక్కటే: "హైబర్నేట్ వాడకు, షట్‌డౌన్ చేసుకో." నిజానికి ఇవి మూడు వేర్వేరు జబ్బులు. మొదటిది ఆపేటప్పటి తప్పు, రెండోది లేపేటప్పటి తప్పు, మూడోది మధ్యలో ఎవరి కంటా పడని చోట జరిగే తప్పు. ముందు అంచె తేల్చుకోవాలి, తర్వాత డివైస్, ఆ తర్వాతే మందు. చాలామంది ఈ వరస తిప్పేసి, దొరికిన కెర్నల్ (ఓఎస్ మూల భాగం) ఆప్షన్లన్నీ గ్రబ్‌లో (లినక్స్‌ను బూట్ చేయించే ప్రోగ్రాం) కుక్కి, ఏది పనిచేసిందో తెలియక మిగులుతారు.

ఇక్కడ చెప్పేది ఎక్కువగా లినక్స్ గురించి. విండోస్ సంగతి చివర్లో కొంత ఉంది. కమాండ్లు, ఫైలు పేర్లు చదివినట్టే తెలుగులో రాశాం. కీబోర్డు మీద మాత్రం మామూలుగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టండి.

పాత పద్దు, కొత్త డివైస్

స్లీప్‌లో ర్యామ్‌కు కరెంటు అందుతూనే ఉంటుంది. హైబర్నేట్‌లో ర్యామ్‌లో ఉన్నది స్వాప్‌లోకి (ర్యామ్‌కు తోడుగా డిస్క్ మీద ఉంచే చోటు) ఇమేజ్‌గా వెళ్లిపోయి, మెషిన్ ఆగిపోతుంది. పైకి ఇంతే కనిపిస్తుంది. లోపల మాత్రం ఒక్కో డివైస్ ఇన్ని గడపలు దాటాలి:

ముందు ప్రోగ్రాములన్నీ ఆగుతాయి. దీనికి గడువు 20 సెకన్లు. తర్వాత ఫ్రీజ్: ప్రతి డ్రైవర్ తన డివైస్‌ను కదలకుండా నిలబెడుతుంది. అప్పుడు మెమరీ కాపీ తీస్తారు. ఆ వెంటనే థా: డివైస్‌లన్నీ మళ్లీ పనిలోకి వస్తాయి, ఎందుకంటే ఇమేజ్ రాయాలంటే డిస్క్ నడవాలి కదా. ఇమేజ్ రాశాక పవర్‌ఆఫ్. మళ్లీ బటన్ నొక్కితే బయాస్, ఆపై కొత్తగా బూటైన కెర్నల్. అది ఇమేజ్ చదివి, తన చేతిలో ఉన్న డివైస్‌లను మరోసారి ఫ్రీజ్ చేసి, మెమరీని పాతదానితో నింపి తప్పుకుంటుంది. పాత కెర్నల్ కళ్లు తెరిచి రీస్టోర్ కాల్‌బ్యాక్‌లు (డ్రైవర్లు ఈ అంచె కోసం రాసి ఉంచే ఫంక్షన్లు) నడుపుతుంది.

చిక్కంతా ఇక్కడే. ఇమేజ్‌లో ఉన్నది కాపీ తీసిన క్షణంనాటి పద్దు. "వైఫై కార్డు డీ0లో ఉంది, ఫర్మ్‌వేర్ ఎక్కింది, క్లాక్ నడుస్తోంది" అని అందులో రాసి ఉంటుంది (డీ0 అంటే పూర్తిగా మేలుకున్న స్థితి, డీ3 అంటే నిద్ర). ఎదురుగా ఉన్న కార్డు మాత్రం కరెంటు పోయి, బయాస్ తాకి, కొత్త కెర్నల్ కెలికి వదిలిన కార్డు. డ్రైవర్ ఆ పద్దును నమ్మి పని మొదలుపెడితే బోల్తా పడుతుంది. పవర్ స్టేట్ బగ్గుల్లో పెద్ద వాటా ఇదే: పద్దులో ఒక స్థితి, చిప్‌లో ఇంకో స్థితి.

"స్లీప్ బాగానే పనిచేస్తోంది, కాబట్టి డ్రైవర్ బాగుంది" అనే వాదన కూడా నిలవదు. స్లీప్‌లో కెర్నల్‌కు ఒక అడ్డదారి ఉంది: డివైస్ ముందే రన్‌టైమ్ సస్పెండ్‌లో (మెషిన్ నడుస్తుండగానే, పని లేక) నిద్రపోతూ ఉంటే, దాన్ని కదిలించకుండా, డ్రైవర్ సస్పెండ్ కాల్‌బ్యాక్ పిలవకుండానే దాటేస్తుంది. దీన్ని డైరెక్ట్ కంప్లీట్ అంటారు. హైబర్నేట్‌లో ఈ అడ్డదారి లేదు. అంటే ఏళ్ల తరబడి స్లీప్‌లో ఒక్కసారి కూడా నడవని కోడ్ హైబర్నేట్‌లో మొదటిసారి నడుస్తుంది.

లాగ్‌లో కనిపించనిది

ఇది తెలియక రోజులు పోగొట్టుకునేవాళ్లున్నారు. హైబర్నేట్ నుంచి విజయవంతంగా లేచాక డీమెసేజ్ (కెర్నల్ లాగ్ చూపే కమాండ్) చూస్తే, కాపీ తీసిన క్షణం దాకా ఉన్న లైన్లు ఉంటాయి, ఆ తర్వాత నేరుగా రీస్టోర్ లైన్లు మొదలవుతాయి. మధ్యలో జరిగిన థా, ఇమేజ్ రాయడం, పవర్‌ఆఫ్, కొత్త కెర్నల్ బూట్ ఏవీ ఉండవు. లాగ్ బఫర్ కూడా మెమరీయే. మెమరీ వెనక్కి తిరిగితే అదీ తిరిగింది. ఆ సమయంలో జర్నల్ సర్వీస్ ఫ్రీజ్ అయి ఉంటుంది కాబట్టి డిస్క్ మీదా జాడ ఉండదు. కాబట్టి "లాగ్ శుభ్రంగా ఉంది" అన్నది పవర్‌ఆఫ్ అంచె విషయంలో సాక్ష్యం కాదు.

ఆ అంచె చూడాలంటే కెర్నల్ కమాండ్ లైన్‌లో నో_కన్సోల్_సస్పెండ్, ఇనిట్‌కాల్_డీబగ్ రెండూ పెట్టి, క్వయట్, స్ప్లాష్ తీసేసి, టెక్స్ట్ కన్సోల్‌కు (కంట్రోల్+ఆల్ట్+ఎఫ్3) వెళ్లి అక్కడి నుంచి హైబర్నేట్ చేయండి. ఫోన్‌ను స్టాండు మీద పెట్టి తెరను వీడియో తీయండి. డెస్క్‌టాప్ మదర్‌బోర్డు మీద సీరియల్ పిన్నులుంటే ఇంకా మేలు. ఆ పిన్నులకు సరిపోయే కేబుల్ బెంగళూరు ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ బజారులో అడిగితే దొరుకుతుంది. పరీక్షించే మెషిన్‌కు యూఎస్‌బీ సీరియల్ తగిలిస్తే లాభం లేదు. యూఎస్‌బీయే నిద్రపోతున్నప్పుడు అది ఎవరికి చెబుతుంది? లాగ్‌ను నెట్‌వర్క్ మీదుగా పంపే నెట్‌కన్సోల్‌దీ అదే కథ.

పరీక్షకు ముందు

తెరిచి ఉన్న పని సేవ్ చేసుకోండి. బయటి డిస్కులు తీసేయండి. డ్యూయల్ బూట్ ఉంటే, ఒక ఓఎస్ హైబర్నేట్‌లో ఉండగా దాని పార్టిషన్‌ను రెండోదానిలో మౌంట్ చేయకండి. ఫైల్ సిస్టమ్ పాడవడానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు.

రూట్ షెల్‌లోకి వెళ్లండి: సుడో -ఐ. "సుడో ఎకో ... >" అని కొడితే పర్మిషన్ డినైడ్ వస్తుంది, ఎందుకంటే ఆ బాణం గుర్తును నడిపేది మీ షెల్, సుడో కాదు. తర్వాత:

క్యాట్ /సిస్/పవర్/డిస్క్

[ప్లాట్‌ఫామ్] షట్‌డౌన్ రీబూట్ సస్పెండ్ టెస్ట్_రెజ్యూమ్ అని వస్తే సరే; చదరపు బ్రాకెట్‌లో ఉన్నది ఇప్పటి మోడ్. [డిజేబుల్డ్] అని వస్తే బగ్ డివైస్‌లో లేదు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండి కెర్నల్ లాక్‌డౌన్‌లోకి వెళితే హైబర్నేట్‌ను అది ఒప్పుకోదు. /సిస్/కెర్నల్/సెక్యూరిటీ/లాక్‌డౌన్ ఫైలు చూస్తే తెలుస్తుంది.

స్వాప్ డిస్క్ మీద ఉండాలి, ర్యామ్ అంత ఉంటే నిశ్చింత. ఫెడోరా 33 నుంచి మామూలుగా వచ్చే జీర్యామ్ స్వాప్ ర్యామ్‌లోనే ఉంటుంది కాబట్టి ఇందుకు పనికిరాదు. స్వాప్ ఫైలు వాడుతుంటే రెజ్యూమ్= దగ్గర ఆ ఫైలు ఉన్న పార్టిషన్ యూయూఐడీ ఇవ్వాలి, రెజ్యూమ్_ఆఫ్‌సెట్= దగ్గర ఫైల్‌ఫ్రాగ్ -వీ చూపించే మొదటి వరుసలోని మొదటి ఫిజికల్ ఆఫ్‌సెట్ ఇవ్వాలి. బీటీఆర్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్‌లో ఫైల్‌ఫ్రాగ్ అంకె తప్పు. అక్కడ బీటీఆర్ఎఫ్ఎస్ ఇన్‌స్పెక్ట్-ఇంటర్నల్ మ్యాప్-స్వాప్‌ఫైల్ -ఆర్ వాడాలి. ఇది తప్పితే మెషిన్ తాజాగా బూట్ అవుతుంది, డివైస్‌ల గొడవ దాకా అసలు రాదు.

ఒక్కో మెట్టూ ఎక్కడం

ఇదే అసలు పని. ఒక్కో మెట్టు దగ్గర ఒక్క కొత్త విషయం మాత్రమే కలుస్తుంది. ఎక్కడ జారితే అక్కడే తప్పు.

మొదటి మెట్టు, నకిలీ హైబర్నేట్:

ఎకో డివైసెస్ > /సిస్/పవర్/పీఎం_టెస్ట్
ఎకో డిస్క్ > /సిస్/పవర్/స్టేట్

ప్రోగ్రాములు ఆగి, డివైస్‌లు ఫ్రీజ్ అయి, 5 సెకన్లు ఉండి వెనక్కి వస్తాయి. ఇమేజ్ రాయదు, కరెంటు పోదు. డివైసెస్ బదులు ఫ్రీజర్ రాస్తే ప్రోగ్రాములు మాత్రమే ఆగుతాయి. ప్లాట్‌ఫామ్, ప్రాసెసర్స్, కోర్ అని రాసుకుంటూ పోతే ఇంకా లోతుకు వెళుతుంది. ఫ్రీజర్ నుంచి మొదలుపెట్టి కోర్ దాకా ఒక్కోటి పదేసి సార్లు చేయండి. ఒకసారి దాటిందని వదిలేస్తే, ఎనిమిదోసారి పడే బగ్ మీ చేతికి దొరకదు. అయ్యాక ఆ ఫైల్లో నన్ అని రాయడం మరవకండి. మరిస్తే తర్వాత అసలు హైబర్నేట్ చేసినప్పుడు 5 సెకన్లకే తెర తిరిగొస్తుంది, కొత్త బగ్ పుట్టిందని కంగారు పడతారు.

రెండో మెట్టు, డిస్క్ ఫైల్లో టెస్ట్_రెజ్యూమ్ రాసి హైబర్నేట్ చేయడం. ఇమేజ్ నిజంగా రాసి, మెషిన్ ఆపకుండానే వెంటనే చదివి రీస్టోర్ చేస్తుంది. మూడోది అదే ఫైల్లో రీబూట్ రాయడం: ఇమేజ్ రాసి రీస్టార్ట్ అవుతుంది, బయాస్, కొత్త కెర్నల్ మధ్యలోకి వస్తాయి, కానీ బోర్డుకు కరెంటు పూర్తిగా పోదు. నాలుగోది షట్‌డౌన్: మామూలు పవర్‌ఆఫ్. ఐదోది ప్లాట్‌ఫామ్: ఏసీపీఐ ఎస్4 దారిలో, అంటే బయాస్‌కు హైబర్నేట్ అని చెప్పి ఆగుతుంది.

ఇప్పుడు ఫలితం చదవాలి. పీఎం_టెస్ట్‌లోనే పడితే డ్రైవర్ ఫ్రీజ్ లేదా థా చెడింది. టెస్ట్_రెజ్యూమ్ దాటి రీబూట్‌లో పడితే, బయాసో కొత్త కెర్నలో మార్చిన స్థితిని డ్రైవర్ తట్టుకోలేకపోతోంది. రీబూట్ దాటి షట్‌డౌన్‌లో పడితే, కరెంటు పోయినా చిప్‌లో తాను రాసినవి ఉంటాయని డ్రైవర్ నమ్ముతోంది.

షట్‌డౌన్ దాటి ప్లాట్‌ఫామ్‌లో పడితే "ఇది బయాస్ బగ్" అని తేల్చేస్తుంటారు. ఆగండి. డ్రైవర్ల పవర్‌ఆఫ్ కాల్‌బ్యాక్‌లు నడిచేది ప్లాట్‌ఫామ్ మోడ్‌లోనే. షట్‌డౌన్, రీబూట్ మోడ్‌లలో వాటి బదులు మామూలు షట్‌డౌన్ కాల్‌బ్యాక్ నడుస్తుంది. కాబట్టి అనుమానితులు ఇద్దరు: బయాస్, ఏదో ఒక డ్రైవర్ పవర్‌ఆఫ్ కోడ్. అనుమానం ఉన్న మాడ్యూల్‌ను (కెర్నల్‌లోకి ఎక్కించి దించగల డ్రైవర్) మోడ్‌ప్రోబ్ -ఆర్ తో దించి ప్లాట్‌ఫామ్ మళ్లీ చేయండి. బాగైతే బయాస్ నిర్దోషి.

డివైస్ పేరు రాబట్టడం

ఎకో 0 > /సిస్/పవర్/పీఎం_అసింక్
ఎకో 1 > /సిస్/పవర్/పీఎం_డీబగ్_మెసేజెస్

పీఎం_అసింక్ సున్నా చేస్తే డివైస్‌లు ఒకదాని తర్వాత ఒకటిగా ఆగుతాయి. ఇనిట్‌కాల్_డీబగ్ ఉంటే ఒక్కో డివైస్‌కు "కాలింగ్" అని ఒక లైను, పని ముగిశాక "రిటర్న్‌డ్" అని ఇంకో లైను వస్తాయి. తెర బిగుసుకున్నప్పుడు, రిటర్న్‌డ్ లేకుండా మిగిలిన ఆఖరి కాలింగ్ లైనులో ఉన్నదే దొంగ. అసింక్ ఆన్‌లో ఉంటే ఒకేసారి పది కాలింగ్ లైన్లు తెరిచి ఉంటాయి, ఎవరని చెబుతారు?

అసింక్ ఆపగానే బగ్ మాయమైతే అదీ ఒక ఆచూకీయే. ఒక డివైస్ ఇంకోదాని మీద ఆధారపడుతోంది, ఆ సంగతి కెర్నల్‌కు ఎవరూ చెప్పలేదు. మందు అసింక్ ఆపి ఉంచడం కాదు. డ్రైవర్‌లో డివైస్_లింక్_యాడ్ పెట్టి ఆ బంధం రాయించడం.

ఎర్రర్ అంకెలు: -16 అంటే డివైస్ పనిలో ఉంది, ఆగనంది. -110 అంటే అడిగినా గడువులోగా జవాబు రాలేదు. -5 అంటే మాట్లాడుతుంటే తేడా వచ్చింది. -19 అంటే డివైస్ అసలు అక్కడ లేదు.

పీసీఐ డివైస్ అయితే, పద్దుకీ చిప్‌కీ తేడా కళ్లతో చూడొచ్చు. ఉదాహరణకు వైఫై కార్డు 0000:03:00.0 దగ్గర ఉందనుకోండి. మొదట పద్దు:

క్యాట్ /సిస్/బస్/పీసీఐ/డివైసెస్/0000:03:00.0/పవర్_స్టేట్

కెర్నల్ నమ్ముతున్న స్థితి వస్తుంది: డీ0, డీ3హాట్, డీ3కోల్డ్, ఇలా. తర్వాత చిప్‌నే అడగాలి:

సెట్‌పీసీఐ -ఎస్ 03:00.0 క్యాప్_పీఎం+4.డబ్ల్యూ

నాలుగు అక్షరాల అంకె వస్తుంది. చివరి అక్షరంలోని కింది రెండు బిట్లు చూడండి: 0 అయితే డీ0, 3 అయితే డీ3హాట్. 0008 వచ్చిందనుకోండి, కింది రెండు బిట్లు సున్నాలే, డీ0. 000బీ వస్తే డీ3హాట్. ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ వస్తే అది స్థితి కాదు, జవాబే లేదని. కార్డుకు కరెంటు లేదు, లేదా లింక్ లేవలేదు. డీమెసేజ్‌లో డీ3కోల్డ్ నుంచి డీ0కు మార్చలేకపోయాం, డివైస్ అందుబాటులో లేదు అనే అర్థం వచ్చే లైను ఉందేమో కూడా చూడండి; రెండూ కలిస్తే తిరుగులేదు.

వరస మాత్రం తప్పకండి, పద్దు ముందు, చిప్ తర్వాత. ఎల్ఎస్‌పీసీఐ, సెట్‌పీసీఐ అడిగితే కెర్నల్ ఆ కార్డు పైనున్న బ్రిడ్జిని లేపుతుంది, డీ3కోల్డ్‌లో ఉంటే కార్డునూ లేపుతుంది. చూడబోతే స్థితే మారిపోతుందన్నమాట.

కోడ్ ముట్టకుండా సర్దుకోవడం

వైఫై, కార్డ్ రీడర్ లాంటివాటికి దగ్గరి దారి: పడుకునేముందు మాడ్యూల్ దించి, లేచాక ఎక్కించడం. /యూఎస్ఆర్/లిబ్/సిస్టమ్‌డీ/సిస్టమ్-స్లీప్/ ఫోల్డర్‌లో ఒక షెల్ స్క్రిప్ట్ పెట్టి, సీహెచ్‌మాడ్ 755 ఇవ్వండి. ఆ పర్మిషన్ లేకపోతే నోరెత్తకుండా వదిలేస్తుంది. స్క్రిప్ట్‌కు మొదటి ఆర్గ్యుమెంటుగా ప్రీ లేదా పోస్ట్, రెండోదిగా హైబర్నేట్, సస్పెండ్ వంటి పేరు వస్తుంది. ప్రీ, హైబర్నేట్ రెండూ అయితే మోడ్‌ప్రోబ్ -ఆర్ తర్వాత మాడ్యూల్ పేరు. పోస్ట్ అయితే మోడ్‌ప్రోబ్ తర్వాత పేరు. అంతే. డిస్క్, గ్రాఫిక్స్ మాడ్యూళ్ల మీద ఈ ప్రయోగం వద్దు. కాసేపు సస్పెండ్, ఆపై హైబర్నేట్ అయ్యే మోడ్ వాడేవాళ్లకు రెండో ఆర్గ్యుమెంటు మారదు. ఏది నడుస్తోందో సిస్టమ్‌డీ_స్లీప్_యాక్షన్ అనే వేరియబుల్ చెబుతుంది.

లేచాక పీసీఐ కార్డు మాయమైతే, దాని ఫోల్డర్‌లోని రిమూవ్ ఫైల్లో 1 రాసి, /సిస్/బస్/పీసీఐ/రీస్కాన్‌లో 1 రాయండి. తిరిగొస్తే చిప్ బతికే ఉంది, తప్పు రీస్టోర్‌లో ఉంది. రాకపోతే డీ3కోల్డ్_అలౌడ్‌లో 0 రాసి ఇంకోసారి హైబర్నేట్ చేసి చూడండి. యూఎస్‌బీ కెమెరా, వేలిముద్ర రీడర్ మొండికేస్తే యూఎస్‌బీకోర్.క్విర్క్స్= దగ్గర వెండర్ ఐడీ, ప్రొడక్ట్ ఐడీ, చివర బీ అనే అక్షరం ఇవ్వండి. లేచాక ఆ డివైస్‌ను రీసెట్ చేయమని దానర్థం.

ఎన్‌విడియా సొంత డ్రైవర్ వాడుతుంటే లేచాక బొమ్మలు చెదరడం, తెర నల్లబడటం వీడియో మెమరీ పోవడం వల్ల. మాడ్యూల్ ఆప్షన్లలో ఎన్‌వీరెగ్_ప్రిజర్వ్‌వీడియోమెమరీఅలొకేషన్స్=1 పెట్టి, ఎన్‌విడియా-హైబర్నేట్, ఎన్‌విడియా-రెజ్యూమ్ సర్వీసులను ఎనేబుల్ చేయాలి. ఎన్‌వీరెగ్_టెంపరరీఫైల్‌పాత్‌ను /వార్/టీఎంపీకి చూపించండి. /టీఎంపీ ర్యామ్‌లోనే ఉండే డిస్ట్రోల్లో ఎక్కడ దాచినట్టు?

సంచిలో వేడెక్కే ల్యాప్‌టాప్

దీనికి రెండు కారణాలు. అసలు ఆగకపోవడం, లేదా ఆగి వెంటనే లేవడం. మూత వేసి సంచిలో పెట్టేముందు ఫ్యాను చప్పుడు, లైటు రెండూ ఆరాయో లేదో చూసే అలవాటు చేసుకోండి. సిల్క్ బోర్డ్ దగ్గర గంటసేపు ఇరుక్కున్న క్యాబ్‌లో, సంచిలో నడుస్తున్న ల్యాప్‌టాప్‌కు గాలి ఆడదు.

ఆగకుండా వేలాడితే, తెర మీద "ఇమేజ్ సేవింగ్ డన్" లైను వచ్చిందా లేదా చూడండి. వచ్చి ఉంటే పవర్ బటన్ గట్టిగా నొక్కి పట్టి ఆపేసినా మీ పని పోదు. ఇమేజ్ అప్పటికే స్వాప్‌లో ఉంది. బెస్కాం (బెంగళూరు విద్యుత్ సంస్థ) కరెంటు పోయినప్పుడల్లా యూపీఎస్ మీద హైబర్నేట్ అయ్యే డెస్క్‌టాప్‌కూ ఇదే లెక్క. ఇమేజ్ రాసే టైమే తగ్గాలంటే /సిస్/పవర్/ఇమేజ్_సైజ్‌లో 0 రాయండి. వీలైనంత చిన్న ఇమేజ్ చేస్తుంది. మామూలుగా ర్యామ్‌లో అయిదింట రెండు వంతులు లక్ష్యంగా పెట్టుకుంటుంది. చిన్న ఇమేజ్‌తో లేచాక ప్రోగ్రాములు కాసేపు నెమ్మదిగా ఉంటాయి, అది బగ్ కాదు.

ప్లాట్‌ఫామ్ మోడ్‌లోనే వేలాడుతోందని తేలితే /ఈటీసీ/సిస్టమ్‌డీ/స్లీప్.కాన్ఫ్‌లో, స్లీప్ సెక్షన్ కింద హైబర్నేట్‌మోడ్=షట్‌డౌన్ అని పెట్టేయండి. చాలా ల్యాప్‌టాప్‌లకు ఈ ఒక్క లైనే చాలు. పోయేదల్లా మూత తెరిస్తే లేవడం లాంటి సౌకర్యాలు.

ఆగి వెంటనే లేస్తుంటే /ప్రాక్/ఏసీపీఐ/వేకప్ చూడండి. ఎస్4 వరుసలో ఎనేబుల్డ్ అని ఉన్నవాళ్లే అనుమానితులు. తరచుగా యూఎస్‌బీ కంట్రోలర్ ఎక్స్‌హెచ్‌సీ. ఆ పేరు అదే ఫైల్లోకి ఎకో చేస్తే ఆఫ్ అవుతుంది. ఇంకోసారి ఎకో చేస్తే మళ్లీ ఆన్ అవుతుంది, ఇది స్విచ్ లాంటిది. స్క్రిప్ట్ రెండుసార్లు నడిచి రోగం తిరగబెట్టేది ఇందుకే. దాని బదులు ఆ డివైస్ ఫోల్డర్‌లోని పవర్/వేకప్ ఫైల్లో డిజేబుల్డ్ అని రాయండి. ఎన్నిసార్లు రాసినా అర్థం మారదు. రీబూట్‌తో పోతుంది కాబట్టి యూడెవ్ రూల్‌గా (డివైస్ కనిపించినప్పుడల్లా తనంతట తానే నడిచే నియమం) పెట్టుకోవాలి.

డ్రైవర్ మీ చేతిలోనే ఉంటే

వైట్‌ఫీల్డ్‌లోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో బోర్డు పనులు చేసే మనవాళ్లు చాలామంది. మీ డ్రైవర్ ఫైల్లో ఇలా ఉందేమో చూడండి:

స్టాటిక్ కాన్‌స్ట్ స్ట్రక్ట్ డెవ్_పీఎం_ఆప్స్ ఫూ_పీఎం = {
.సస్పెండ్ = ఫూ_సస్పెండ్,
.రెజ్యూమ్ = ఫూ_రెజ్యూమ్,
};

స్లీప్‌కు ఇది సరిపోతుంది. హైబర్నేట్ ఈ రెండింటి వైపు చూడనే చూడదు. దానికి కావలసింది ఫ్రీజ్, థా, పవర్‌ఆఫ్, రీస్టోర్. అవి ఖాళీగా ఉంటే "ఈ డివైస్‌కు పనేం లేదు" అనుకుని వెళ్లిపోతుంది. 5.17 కెర్నల్ నుంచి ఉన్న డిఫైన్_సింపుల్_డెవ్_పీఎం_ఆప్స్ మాక్రోతో రాస్తే ఆరు గదులూ నిండుతాయి. సస్పెండ్ ఫంక్షనే ఫ్రీజ్, పవర్‌ఆఫ్‌లకు. రెజ్యూమ్ ఫంక్షనే థా, రీస్టోర్‌లకు. అంతకుముందు కెర్నళ్లలో ముందు డిఫైన్ లేని పాత మాక్రో ఉంది.

ఫ్రీజ్ ఖాళీగా వదిలితే జరిగేదే మొదట్లో చెప్పిన మూడో జబ్బు. కొత్త కెర్నల్ బూటై మీ డివైస్‌ను నడుపుతుంది, డీఎంఏ బఫర్లు (డివైస్ తానే నేరుగా రాసుకునే మెమరీ చోట్లు) ఇస్తుంది. ఇమేజ్ రీస్టోర్ చేసేముందు డివైస్‌ను ఆపమని అడిగితే మీ డ్రైవర్ పలకదు. పాత మెమరీ వచ్చి కూర్చుంటుంది, డివైస్ మాత్రం కొత్త కెర్నల్ తనకిచ్చిన అడ్రసులకే రాస్తూ పోతుంది. ఆ అడ్రసులో ఇప్పుడు ఎవరిదో పేజీ ఉంది. పది నిమిషాలకు ఇంకెక్కడో క్రాష్ అవుతుంది, బ్యాక్‌ట్రేస్‌లో మీ డ్రైవర్ పేరు ఉండదు. కాబట్టి ఫ్రీజ్‌లో తప్పనిసరిగా చేయాల్సింది: డీఎంఏ ఆపడం, ఇంటరప్టులు ఆపడం, నడుస్తున్న వర్క్‌క్యూలను ముగించడం. కరెంటు తీయనక్కర్లేదు. మరుక్షణమే థాలో మళ్లీ లేవాలి.

రీస్టోర్‌లో ఏదీ నమ్మకండి. రిజిస్టర్లన్నీ ప్రోబ్‌లో రాసినట్టే మొదటి నుంచి రాయండి, ఫర్మ్‌వేర్ మళ్లీ ఎక్కించండి. రిక్వెస్ట్_ఫర్మ్‌వేర్‌తో తీసుకున్న ఫైలును కెర్నల్ పడుకునేముందే మెమరీలో దాచి ఉంచుతుంది కనుక డిస్క్ కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. క్లాక్, రెగ్యులేటర్ లెక్కలు ఇమేజ్‌లో 1 అనే ఉంటాయి. నిజంగా ఆన్‌లో ఉన్నాయని అనుకోకండి. రన్‌టైమ్ పీఎం కూడా అంతే. పద్దులో సస్పెండెడ్, చిప్ చూస్తే పూర్తి కరెంటుతో నడుస్తూ ఉండొచ్చు. చిప్‌ను పూర్తిగా లేపి, పీఎం_రన్‌టైమ్_డిజేబుల్, సెట్_యాక్టివ్, ఎనేబుల్ వరసగా పిలిచి పద్దును చిప్‌కు సరిపెట్టండి.

ఇంకోటి చాలామంది చూసుకోరు: మీ మాడ్యూల్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో (బూట్ మొదట్లో ర్యామ్‌లోకి ఎక్కే చిన్న ఫైల్ సిస్టమ్) ఉందా లేదా. ఉంటే కొత్త కెర్నల్ డివైస్‌ను నడిపి ఫ్రీజ్ చేసి ఇస్తుంది. లేకపోతే బయాస్ వదిలిన స్థితిలోనే మీ రీస్టోర్‌కు అందుతుంది. ఒకే బోర్డు, ఒకే కోడ్, ఒకరి దగ్గర పనిచేసి ఇంకొకరి దగ్గర పడటానికి ఇదే కారణం కావచ్చు. రెండు రకాలుగానూ పరీక్షించాకే ప్యాచ్ పంపండి.

విండోస్‌లో అయితే

నీలి తెర మీద డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్, కోడ్ 0ఎక్స్9ఎఫ్ వస్తే అది ఇదే కుటుంబం. మొదటి పారామీటర్ 3 అయితే ఏదో డివైస్ పవర్ ఐఆర్‌పీని (విండోస్ డ్రైవర్‌కు పంపే పని అభ్యర్థన) పట్టుకుని వదలడం లేదు. మైక్రోసాఫ్ట్ డీబగ్గర్ విన్‌డీబీజీలో మినీడంప్ (క్రాష్ అయినప్పుడు మిగిలే ఫైలు) తెరిచి !అనలైజ్ -వీ కొట్టండి. నాలుగో పారామీటర్‌లోని అడ్రసు ఇచ్చి !ఐఆర్‌పీ కొడితే ఆగిపోయిన డ్రైవర్ పేరు దొరుకుతుంది. దాన్ని ల్యాప్‌టాప్ తయారీదారు సైటులోని వెర్షన్‌తో మార్చి చూడండి. తనంతట తానే లేస్తుంటే పవర్‌సీఎఫ్‌జీ /లాస్ట్‌వేక్, పవర్‌సీఎఫ్‌జీ /డివైస్‌క్వెరీ వేక్_ఆర్మ్‌డ్. షట్‌డౌన్ చేసి తెరిచినా డివైస్ తిక్కగానే ఉండి, రీస్టార్ట్ చేస్తే బాగైతే ఫాస్ట్ స్టార్టప్‌ను అనుమానించండి. విండోస్ 8 నుంచి షట్‌డౌన్ అంటే కెర్నల్ వరకు హైబర్నేటే. దాన్ని కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్లలో ఆపండి. పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్ కొడితే హైబర్నేటే మొత్తం పోతుంది.

సరిచేశాక

ఒక్కసారి లేచిందని సంబరపడొద్దు. ఆర్‌టీసీవేక్ -ఎం డిస్క్ -ఎస్ 120 అని కొడితే మెషిన్ హైబర్నేట్ అయి రెండు నిమిషాలకు అలారంతో లేస్తుంది. బయాస్ సహకరించకపోతే బటన్ మీరే నొక్కాలి. ఇలా 20 సార్లు చేయండి. సగం ఛార్జర్ పెట్టి, సగం తీసి. సగం వైఫై కలిసి ఉండగా, సగం ఫ్లైట్ మోడ్‌లో. ప్రతిసారీ లేచాక మొదట పవర్_స్టేట్ ఫైలు, తర్వాత సెట్‌పీసీఐ అంకె రాసుకోండి. చివరగా /సిస్/క్లాస్/పవర్_సప్లై/బ్యాట్0/ఎనర్జీ_నౌ అంకె రాసుకుని రాత్రంతా హైబర్నేట్‌లో ఉంచి, పొద్దున మళ్లీ చూడండి. కొన్ని మెషిన్లలో దాని బదులు ఛార్జ్_నౌ ఉంటుంది. ఒకటి రెండు శాతం మించి తగ్గితే లోపల ఇంకా ఏదో మేలుకునే ఉంది, వేకప్ జాబితా మళ్లీ తెరవాల్సిందే. ఈ పరీక్ష బుధవారం రాత్రి పెట్టుకోండి, ఊరి బస్సుకు ఇంకా రెండు రోజులు చేతిలో ఉంటాయి.